రేపటికల్లా తోక సంగతి చెప్పమన్నారు, ఏం చెప్పాలి: షోలింగనల్లూరు నుంచి అడిగిన వారికి

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. చెన్నైలో ఒక బ్రీడర్ దగ్గర డాబర్‌మ్యాన్ పిల్లకి అడ్వాన్సు కట్టారు. పిల్లలు పుట్టి రెండు రోజులైంది. ఆయన ఫోన్ చేసి "రేపు డాక్టరు వస్తున్నాడు, అన్నిటికీ తోక కట్ చేయిస్తున్నా, మీ దానికి కూడా కదా" అన్నాడు. మీ ఆవిడ వద్దంటున్నారు. ఒంగోలులో ఉన్న నాన్నగారు తోకున్న డాబర్‌మ్యాన్ ఏం డాబర్‌మ్యాన్‌రా, ఊరకుక్కలా ఉంటుంది అంటున్నారు. బ్రీడరేమో తోక ఉంచితే తర్వాత దెబ్బలు తగిలి పుండ్లు పడతాయి, అప్పుడు పెద్ద ఆపరేషన్ అవుతుంది అని భయపెట్టాడు. మూడు రోజుల పిల్లకి నొప్పి తెలియదు అని కూడా అన్నాడు.

వద్దు. ఈ రాత్రే ఫోన్ చేసి వద్దని చెప్పండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. రేపు సాయంత్రం దాటితే ఇక మీ చేతిలో ఏమీ ఉండదు.

ఇంత గట్టిగా చెప్పడానికి ఈయనెవరు అనుకుంటారేమో. మాది నెల్లూరు పక్క పల్లె, తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి మద్రాసు వచ్చిపడ్డాను, ఇరవై ఏడేళ్లుగా ఇక్కడే ప్రాక్టీసు. మొదటి పదేళ్లలో నేను కత్తిరించిన తోకలకి లెక్క లేదు. బ్రీడర్లు ఆదివారం పొద్దున్నే బుట్టలో ఎనిమిదేసి, తొమ్మిదేసి పిల్లల్ని తెచ్చేవాళ్లు. తల్లిని ఇంట్లోనే కట్టేసి వచ్చేవాళ్లు, ఎందుకంటే పిల్లల అరుపు వింటే అది ఊరుకోదు. పిల్లని ఒకరు అరచేతిలో తిరగేసి పట్టుకుంటే నేను తోక మొదట్లో చర్మాన్ని కొంచెం వెనక్కి లాగి, డాబర్‌మ్యాన్ అయితే రెండు కణుపులు వదిలి, ఫోర్‌సెప్స్ పెట్టి కత్తెరతో ఒక్కటే నొక్కు, తర్వాత ఒక కుట్టు, కాస్త టింక్చర్. మత్తు లేదు. ఒక్కో పిల్లకి నిమిషం కూడా పట్టేది కాదు. డాక్టరు దగ్గరికి రాని బ్రీడర్లు ఇంట్లోనే గట్టి రబ్బరు బ్యాండు వేసి వదిలేసేవాళ్లు, రక్తం ఆగి తోక నల్లబడి ఎండి కొన్నాళ్లకి రాలిపోతుంది. ఇది చూడ్డానికి శాంతంగా ఉంటుంది కాబట్టి మంచి పద్ధతి అనుకునేవాళ్లున్నారు. కత్తెర కంటే అదే అన్యాయం, నొప్పి గంటలకొద్దీ సాగుతుంది, చీము పట్టే అవకాశం కూడా ఎక్కువ.

నొప్పి తెలియదు అన్న మాట నేనూ చెప్పినవాడినే, కాబట్టి బ్రీడర్ని పూర్తిగా తప్పుపట్టలేను. దాని వెనక ఉన్న లెక్క ఏమిటంటే, పుట్టిన పిల్ల నరాల మీద మైలిన్ అనే పొర ఇంకా సరిగా ఏర్పడదు, కాబట్టి కబురు మెదడుకి చేరదు అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మంటలా, సలుపులా ఉండే నొప్పిని మోసే సన్న నరాలకి పెద్దయ్యాక కూడా మైలిన్ ఉండదు, అవి పుట్టుకతోనే పనిచేస్తాయి. పైగా నొప్పిని అణిచిపెట్టే ఏర్పాటు ఒకటి మెదడు నుంచి వెన్నులోకి దిగుతుంది, ఆ వయసులో పూర్తిగా తయారు కానిది అదీ. అంటే పిల్లకి తక్కువ తెలుస్తుంది అనడానికి బదులు ఎక్కువే తెలుస్తుందేమో అనుకోవడానికి కారణం ఉంది. 1996లో ఆస్ట్రేలియాలో మూడు నుంచి ఐదు రోజుల వయసున్న 50 పిల్లల్ని, డాబర్‌మ్యాన్, రాట్‌వైలర్ లాంటి జాతులవి, డాకింగ్ (అంటే తోక కోయడం) చేస్తుండగా గమనించి రాసిన పరిశోధన పేపరు ఒకటుంది. అన్నీ పెనుగులాడాయి, అన్నీ గట్టిగా కేకపెట్టాయి. తర్వాత పావుగంటలోపే నిద్రలోకి జారుకున్నాయి. ఇందులో ఆ చివరి ముక్క ఒక్కటే బ్రీడర్లు పట్టుకుంటారు, చూశారా పడుకుంది, ఏమీ లేదు అని. కళ్లు కూడా తెరవని మూడు రోజుల పిల్ల పాలు తాగడం, పడుకోవడం తప్ప ఇంకేం చేయగలదు చెప్పండి.

నేను మానేసింది ఈ పేపరు చదివి కాదు. ఒక కాకర్ స్పానియల్ వచ్చింది, మూడేళ్ల ఆడది, మైలాపూరు నుంచి ఒక పెద్దావిడ తెచ్చారు. మొండి తోక దగ్గర ఎవరు చెయ్యి పెట్టినా తిరిగి కరవబోతుంది, తనంతట తనే కొరుక్కుని అక్కడ బొచ్చంతా ఊడగొట్టుకుంది. ముందు చర్మం జబ్బు అనుకున్నా, పేలకి మందు, ఫంగస్‌కి మందు, రెండు నెలలు గడిచాయి. ఎక్స్‌రేలో ఏమీ లేదు. చివరికి మత్తిచ్చి ఆ మొండి తోక కోసి చూస్తే కొసన గింజంత గట్టి ముడి, ల్యాబుకి పంపితే న్యూరోమా అని వచ్చింది. తెగిన నరం మళ్లీ పెరగాలని ప్రయత్నించి, దారి దొరక్క దానిలో అదే చుట్టుకుపోయి ముడి పడుతుంది, కాలు తీసేసిన మనుషుల్లో కూడా ఇది వస్తుంది. అది తీసేశాక కుక్క నెమ్మదించింది. పాత రిజిస్టరు తిరగేస్తే ఆ లిట్టర్‌కి, అంటే ఆ ఈత పిల్లలన్నిటికీ, తోకలు కత్తిరించింది నేనే. ఇది ప్రతి కుక్కకీ వస్తుందని చెప్పడం లేదు, నా అనుభవంలో అరుదే. కానీ అప్పటిదాకా నేను "కొంచెం కొరుక్కుంటోంది" అని పౌడరు రాసిచ్చి పంపేసిన కుక్కల్లో ఎన్నిటికి ఈ ముడి ఉందో అన్న ఆలోచన వచ్చాక కత్తెర పక్కన పెట్టేశా.

సరే, దెబ్బల సంగతి. దీంట్లో కొంత నిజం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. తోకకి దెబ్బలు తగులుతాయి. నేనే నెలకి ఒకటో రెండో చూస్తా. లాబ్రడార్, గ్రేట్ డేన్ లాంటివి సంతోషం పట్టలేక గోడకేసి, గేటుకేసి తోక బాదుకుంటే కొస చిట్లి ఇల్లంతా రక్తం చిమ్ముతుంది, అది మానడం కూడా తలనొప్పే, ఎందుకంటే మానేలోపు మళ్లీ సంతోషం వస్తుంది. కానీ ఇది ఎంత తరచుగా జరుగుతుంది? బ్రిటన్‌లో 52 వెటర్నరీ క్లినిక్‌లకి వచ్చిన 1,38,212 కుక్కల రికార్డులు తీసి లెక్కవేస్తే, 2010లో వచ్చిన ఆ పేపరు ప్రకారం తోక గాయాలతో వచ్చినవి 281. వాళ్లు సరిచూసి చెప్పిన అంచనా 0.23 శాతం. ఒక్క గాయం తప్పించాలంటే దాదాపు 500 కుక్కల తోకలు కోయాలి అని వాళ్లే తేల్చారు. ఒక కుక్కకి ఎప్పుడో దెబ్బ తగులుతుందేమోనని ఐదు వందల పిల్లలకి ముందే దెబ్బ వేయడం అన్నమాట.

రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ బ్రీడర్ లాగే సగం మాట చెప్పినవాడినవుతా. స్కాట్లాండ్‌లో ముళ్ల పొదల్లో దూరి పక్షుల్ని లేపే వేట స్పానియళ్ల మీద ఒక సర్వే చేశారు. తోక కోయని స్పానియళ్లలో సగానికి పైగా, 56.6 శాతం, ఒక్క వేట సీజన్‌లోనే ఏదో ఒక తోక గాయం చూశాయి. అక్కడ అన్ని కుక్కలకీ డాకింగ్ నిషేధించి పదేళ్లయ్యాక, 2017లో, పనిచేసే స్పానియళ్లకీ, కొన్ని రకాల వేటకుక్కలకీ కొసన మూడో వంతు వరకు తీయడానికి అనుమతి ఇచ్చారు. అది కూడా మూడో వంతే, డాబర్‌మ్యాన్‌కి చేసినట్టు మొదలంటా నరకడం కాదు. దాని మీద కూడా అక్కడ గొడవలున్నాయి, కానీ కనీసం వాదించడానికి ఒక కారణం ఉంది. మీ డాబర్‌మ్యాన్ ఓఎంఆర్ రోడ్డు మీద పదకొండో అంతస్తు నుంచి లిఫ్టులో దిగి అపార్ట్‌మెంటు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టి మళ్లీ ఏసీ గదిలోకి వెళ్తుంది. అది ఏ ముళ్ల పొదల్లో దూరబోతోంది?

మన ఊళ్లో తోకకి అసలు శత్రువు తలుపు. గాలికి ధడాల్న పడే బాల్కనీ తలుపు, లిఫ్టు తలుపు, కారు తలుపు. తలుపు దగ్గర ఒక స్టాపరు పెట్టుకోండి. కొస ఎప్పుడైనా చిట్లితే ఐదు నిమిషాలు శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి, పసుపూ కాఫీపొడీ మాత్రం అద్దొద్దు. కట్టు మరీ బిగించొద్దు, బిగిస్తే రక్తం ఆడక కొస నల్లబడుతుంది. కట్టు నిలవకపోతే ఏసీ పైపులకి చుట్టే నల్ల ఫోమ్ గొట్టం ఉంటుంది కదా, అది జానెడు ముక్క కొని కట్టు మీద తొడిగితే గోడకేసి కొట్టుకున్నా దెబ్బ తగలదు. మందుల షాపులో దొరికే ఖరీదైన కవర్ల కంటే నాకు ఇదే బాగా పనిచేసింది. మానని గాయం, విరిగిన కణుపు, గడ్డ ఉంటే అప్పుడు తోక తీయాల్సి రావచ్చు, దాన్నెవరూ కాదనరు, మత్తిచ్చి నొప్పి మందులిచ్చి చేసే వైద్యం అది. బ్రీడర్ చెప్పిన "పెద్ద ఆపరేషన్" ఇదే, నిజమే, పెద్దదే, కానీ దాని అవసరం వచ్చే కుక్కలు ఎన్నో పైన లెక్క చెప్పాను.

కొందరు రెండు నెలల పిల్లనో, నాలుగు నెలల పిల్లనో తెచ్చి ఇప్పుడు కత్తిరించమంటారు. ఆ వయసులో అది పూర్తి స్థాయి శస్త్రచికిత్స, జనరల్ అనస్తీషియా, పది పదిహేను రోజులు కుట్లు, మెడకి ప్లాస్టిక్ కాలరు. అందం కోసం అది చేసే డాక్టరు దొరికితే వేరే జబ్బులకి కూడా ఆయన దగ్గరికి వెళ్లకండి.

ఇక నాన్నగారి మాట. ఆయన్ని తక్కువ చేసి చెప్పడం లేదు, మా ఊళ్లో కూడా వేటకీ కాపలాకీ ఉంచుకునే కుక్కపిల్లకి చెవుల కొసలూ తోకా కోసేవాళ్లు, కోస్తే రోషం వస్తుందని. కోసిన ముక్క దానికే తినిపించినవాళ్లని కూడా చూశా. ఇది మన ఒక్కళ్ల పిచ్చి కాదు లెండి, రెండువేల ఏళ్ల కిందట రోమ్‌లో కొలుమెల్లా అనే ఆయన వ్యవసాయం మీద రాస్తూ, కుక్కపిల్లకి నలభయ్యో రోజున తోక కొస కొరికి తీసేస్తే దానికి పిచ్చి పట్టదు అన్నాడు. ఇవాళ రేబిస్‌కి టీకా ఉంది, కాబట్టి ఆ కారణం పోయింది. కారణాలు ఒక్కోటీ పోతూ వచ్చాయి, అలవాటు మాత్రం మిగిలింది. నాన్నగారికి ఒకటి చెప్పి చూడండి: రాజపాళయం కుక్క తెలుసు కదా, విరుదునగర్ జిల్లాలో మన తెలుగు రాజులు స్థిరపడిన ఊరి పేరే దానికి పెట్టారు, తెల్లగా పొడుగ్గా గులాబీ రంగు ముక్కుతో ఉంటుంది, 2005లో తపాలా బిళ్ల మీద కూడా వచ్చింది. పాలెగాళ్ల కాలం నుంచి అడవిపందుల వేటకి వాడిన కుక్క అది. దాని తోక పొడుగ్గా, సన్నగా, కొసన కొంచెం వంపుతో ఉంటుంది, అలా ఉంటేనే మంచి రాజపాళయం అంటారు. దాని రోషానికి ఎవరూ వంక పెట్టలేదు. (దానికి చెవుడు సమస్య ఉంది, అది వేరే కథ, ఇంకెప్పుడైనా రాస్తా.)

డాబర్‌మ్యాన్ సంగతే తీసుకుంటే, జర్మనీలో అపోల్డా అనే ఊళ్లో పన్నులు వసూలు చేసుకునే లూయీ డాబర్‌మ్యాన్ తన రక్షణ కోసం దీన్ని తయారుచేశాడు. ఎదుటివాడి చేతికి చిక్కే భాగం ఏదీ ఉండకూడదని తోకా చెవులూ కోసేవాళ్లు అంటారు. మంచిదే, మీరు పన్నులు వసూలు చేయడానికి వెళ్లడం లేదు. ఆ జర్మనీలోనే 1998 నుంచి తోక కోయడం నిషేధం. నార్వే అయితే 1987లోనే ఆపేసింది. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ డాబర్‌మ్యాన్ ప్రమాణంలో ఇప్పుడు తోక సహజంగా వదిలెయ్యాలి, కొంచెం వంపుతో ఎత్తి పట్టుకోవాలి అనే ఉంటుంది. మన కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, దాని ఆఫీసు ఈ చెన్నైలోనే, ఆ సమాఖ్యలో ఉన్నదే. కాబట్టి కోసిన తోకే అసలైన డాబర్‌మ్యాన్ అనే మాట ఆ కుక్క పుట్టిన దేశంలోనే చెల్లడం లేదు.

తోక లేకపోతే కుక్క పరిగెత్తలేదు, బ్యాలెన్సు తప్పి పడిపోతుంది అని వాదించేవాళ్లూ ఉన్నారు, అది అతిశయోక్తి. మొండి తోక డాబర్‌మ్యాన్లు చక్కగా పరిగెడతాయి, నేను రోజూ చూస్తున్నా. కొన్ని జాతుల్లో, పెంబ్రోక్ కోర్గీలో లాగా, ఒక జన్యువు వల్ల పుట్టుకతోనే పొట్టి తోకలుంటాయి, అవీ బతుకుతున్నాయి. నాకు ఎక్కువ ఇబ్బందిగా కనిపించేది వేరే ఉంది, అది కుక్క మాట పోవడం. కుక్క తోకతోనే మాట్లాడుతుంది అన్నది కవిత్వం కాదు. 2008లో కెనడాలో ఇద్దరు పరిశోధకులు ఒక బొమ్మకుక్కకి ఒకసారి పొడుగు తోక, ఒకసారి పొట్టి తోక పెట్టి పార్కులో నిలబెట్టారు. పొడుగు తోక ఊగుతుంటే పెద్ద కుక్కలు ధైర్యంగా దగ్గరికొచ్చాయి, ఊగకుండా నిలిచి ఉంటే వెనకాడాయి. పొట్టి తోక విషయంలో ఊగినా ఊగకపోయినా తేడా లేదు, ఎదుటి కుక్కకి ఏమీ అర్థం కాలేదన్నమాట. దీని అర్థం ఏమిటో తెలియాలంటే పొద్దున్నే ఆరింటికి బెసంట్ నగర్ బీచ్‌కి రండి. అక్కడి వీధికుక్కలు తోకున్న కుక్కల్ని దూరం నుంచే చదివేసి దారిస్తాయి. మొండి తోక రాట్‌వైలర్ వస్తే అన్నీ లేచి నిలబడతాయి, దాన్ని పట్టుకున్న మనిషికి టెన్షన్, అది గొలుసులోంచి కుక్కకి పాకుతుంది, ఇక చూడండి. మీ ఇంట్లో కూడా అంతే, మొదటిసారి కుక్కని పెంచేవాళ్లు మీరు, అది భయపడుతోందా, విసుక్కుంటోందా, ఆడుకుందామంటోందా అన్నది తెలుసుకోవడానికి మీకు ఉన్న సులువైన ఆధారం అదే. డాబర్‌మ్యాన్ మొహం చదవడం మొదట్లో అంత తేలిక కాదు.

చట్టం గురించి అడిగారు. సూటిగా సమాధానం ఉంటే బాగుండేది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో 11వ సెక్షన్ జంతువుని అంగవికలం చేయడం గురించి చెబుతుంది. అదే సెక్షన్‌లో మినహాయింపులున్నాయి, పశువుల కొమ్ములు తీయడం, విత్తు కొట్టడం, ముద్ర వేయడం, ముక్కుతాడు గుచ్చడం, ఇలాగ. కుక్క తోక ఆ జాబితాలో లేదు. కానీ అంగవికలం అన్న మాట పక్కనే "అనవసరంగా క్రూరమైన పద్ధతి" అన్నట్టు ఉంటుంది, వాదన అంతా అక్కడ మొదలవుతుంది. 2011లో వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అందం కోసం తోకలూ చెవులూ కోయొద్దని డాక్టర్లకి చెబితే, కెన్నెల్ క్లబ్ వాళ్లు మద్రాసు హైకోర్టుకి వెళ్లారు, కోర్టు ఆ ఉత్తర్వుని పక్కన పెట్టింది. ఆ తర్వాతే "హైకోర్టే ఒప్పుకుంది సార్" అన్న మాట మా బ్రీడర్ల నోట మొదలైంది. కౌన్సిల్ ఉత్తర్వు పోయినంత మాత్రాన పైన చెప్పిన చట్టం పోలేదు. ఇక శిక్ష వింటే నవ్వొస్తుంది, ఆ చట్టం కింద మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆరు దశాబ్దాల కిందటి యాభై రూపాయలకి ఏమైనా విలువ ఉండేదేమో, ఇవాళ అది టీ, బజ్జీల ఖర్చు. కాబట్టి చట్టానికి భయపడి బ్రీడర్ ఆగుతాడని అనుకోవద్దు. ఆగేది కొనేవాడు అడిగితేనే.

అసలు విషయం అక్కడుంది. చాలామంది నాతో, మేం తెచ్చుకునేటప్పటికే తోక లేదు డాక్టరుగారూ, మేమేం చేస్తాం అంటారు. 2017 నాటి బ్రీడింగ్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు. తోక కోసేది మూడో రోజో, ఐదో రోజో. అంటే కొనేవాడు పిల్లని కళ్లారా చూసేసరికి తోక పోయి యాభై రోజులు దాటి ఉంటుంది. అందుకే బుకింగ్ అప్పుడే చెప్పాలి. మీకు అదృష్టవశాత్తు బ్రీడర్ ఫోన్ చేసి అడిగాడు, చాలామంది అడగరు. ఆయన అడిగాడంటేనే మనసులో ఎక్కడో అనుమానం ఉందని నా లెక్క.

ఎలా చెప్పాలంటే, వాదన పెట్టుకోకండి. ఆయనకి ఇరవై ఏళ్ల అనుభవం ఉండొచ్చు, మీకు గూగుల్ ఉంది, గెలవలేరు. "నాకు తోక ఉన్న పిల్లే కావాలి, అలా ఇస్తేనే మిగతా డబ్బు కడతా" అని వాట్సాప్‌లో రాసి పంపండి, ఫోన్లో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు. మీ పిల్ల ఏదో ఇప్పుడే తేల్చి దానికి రంగు దారం కట్టి ఫోటో పంపమనండి, ఎందుకంటే మూడు రోజుల పిల్లలన్నీ ఒకేలా ఉంటాయి, రేపు పొరపాటున మీదే బల్ల ఎక్కితే ఎవర్నీ అనలేం. తోకున్నది అమ్ముడుపోదని ఆయన భయం, మీరు వెనక్కి తగ్గితే ఆ పిల్ల ఆయన నెత్తిన పడుతుందని. కాబట్టి కుదిరితే ఇంకొంచెం అడ్వాన్సు ఇప్పుడే కట్టేయండి, చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి. అయినా ససేమిరా అంటే ఆ డబ్బు వదులుకుని ఇంకోచోట చూసుకోండి. పిల్ల ఆరోగ్యం గురించి రేపు ఆయన చెప్పే ఇంకో పది మాటలు నమ్మాల్సినవాళ్లు మీరు, తోక విషయంలోనే సగం సగం చెప్పేవాణ్ని నమ్ముకోవడం కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే, అదీ కోసేసిన తోక.

చెవుల గురించి మీరు అడగలేదు కానీ త్వరలో ఎవరో ఒకరు అంటారు. చెవులు కోసేది దాదాపు రెండు మూడు నెలల వయసులో, అంటే అప్పటికి పిల్ల మీ ఇంట్లోనే ఉంటుంది, సంతకం మీదే. కోశాక అవి నిలబడటానికి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి టేపులు చుడుతూ ఉండాలి, చుట్టినా కొన్నిటికి ఒక చెవి నిలబడి ఒకటి వాలిపోతుంది. మద్రాసు ఉక్కపోతలో ఆ టేపు కింద చర్మం ఏమవుతుందో నేను వర్ణించను, భోజనం చేసేవాళ్లు చదువుతారు.

పిల్ల వచ్చాక నాలుగైదు నెలలకి దాని తోక సరిగ్గా మీ టీపాయ్ ఎత్తుకి వస్తుంది. కాఫీ గ్లాసులు అప్పటికల్లా పైకి ఎక్కించుకోండి.